యాప్ చేయించే ముందు మూడు రాత్రులు కౌంటర్ దగ్గర కూర్చోండి

డిజైన్ థింకింగ్ అనగానే చాలామంది లోగోలు, యాప్ రంగులు అనుకుంటారు, అది కాదండి. కస్టమర్ ఎక్కడ ఇబ్బంది పడుతున్నాడో కళ్లారా చూసి, చవగ్గా ఒక ట్రయల్ వేసి, అది పనిచేస్తేనే డబ్బు పెట్టడం. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల డిజైన్ స్కూల్, డి.స్కూల్ అంటారు, దీన్ని 5 స్టెప్పులుగా చెప్తుంది, నేనైతే మొదటిదానికే, అంటే కస్టమర్‌ని దగ్గరుండి చూసి అర్థం చేసుకోడానికే, ఎక్కువ టైమ్ ఇవ్వమంటాను.

బెంగళూరు మారతహళ్లిలో మా బాబాయికి ఆంధ్రా మెస్ ఉంది. రాత్రి పార్సిళ్లు తగ్గాయి, యాప్ చేయిద్దాంరా అన్నాడు. ఆగు బాబాయ్, ముందు మూడు రాత్రులు చూద్దాం అని కౌంటర్ పక్కనే కూర్చున్నా. రూముల్లో ఉండే కుర్రాళ్లు అన్నం కుక్కర్లో పెట్టేసుకుని కూర కోసమే వస్తున్నారు, మీల్స్ పార్సిల్ లైన్ చూసి అట్నుంచి అటే వెళ్లిపోతున్నారు!

మీరు అడిగేటప్పుడు "మా ఫుడ్ ఎలా ఉంది" అనొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. "నిన్న రాత్రి ఏం తిన్నారు, ఎక్కడ తెచ్చుకున్నారు" అని అడగండి.

తర్వాత సమస్యని ఒక్క ముక్కలో రాసుకోండి. మేం రాసింది: "అన్నం వండుకున్నోడికి రెండు నిమిషాల్లో కూర చేతికి రావాలి". ఇందులో యాప్ అనే మాట రాకూడదు, అది సమాధానం, సమస్య కాదు. ఇక్కడే చాలామంది తప్పుతారు. 2007లో స్టాన్‌ఫర్డ్ స్టూడెంట్లకి చవక ఇంక్యుబేటర్ (నెలతక్కువ పిల్లల్ని వెచ్చగా ఉంచే మిషన్) చేయమని క్లాసులో పని ఇచ్చారు, వాళ్లు నేపాల్ వెళ్లి చూస్తే నెలతక్కువ పిల్లలు చాలామంది పుట్టేది ఆసుపత్రికి దూరంగా పల్లెల్లో. అందుకే మిషన్ ఆలోచన వదిలేసి బిడ్డని వెచ్చగా ఉంచే చిన్న స్లీపింగ్ బ్యాగ్ చేశారు, లోపల మైనం లాంటి పదార్థం ఒకసారి వేడిచేస్తే గంటల తరబడి 37 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. అదే ఎంబ్రేస్, ఆ టీమ్ తర్వాత మన బెంగళూరుకే వచ్చి పని చేసింది.

ఐడియాల కోసం వంటమాస్టర్నీ, పార్సిల్ కట్టే అబ్బాయినీ కూడా కూర్చోబెట్టండి, వాళ్లకి తెలిసినంత ఓనర్‌కి తెలీదు.

ట్రయల్‌కి మేం వాడింది ఒక మడత టేబుల్, అట్టముక్క మీద స్కెచ్ పెన్‌తో "కూరలు మాత్రమే". మొదటి రెండు రోజులు ప్యాకెట్లు మిగిలిపోయాయి, ఒక్కడికి ఎక్కువయ్యే సైజులో కట్టామన్నమాట. సైజు, రేటు రెండూ తగ్గించాక కదిలాయి.

లెక్క మాత్రం ట్రయల్‌కి ముందు వారం నుంచే నోటుబుక్‌లో రాయండి: ఎంతమంది వచ్చి వెనక్కెళ్లారు, ఎన్ని కూరలు అమ్మారు, రాత్రి ఎంత మిగిలింది. ఆ పాత లెక్క లేకపోతే టేబుల్ వల్ల లాభం వచ్చిందో, నెల మొదట్లో జీతాలు పడ్డందుకు గిరాకీ పెరిగిందో చెప్పలేరు.