పీపీ బల్ల నుంచి జిల్లా జడ్జి కుర్చీకి: సీమ ప్రాసిక్యూటర్లు ముందే తెలుసుకోవాల్సినవి

అమెరికాలోని టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో ప్రాసిక్యూటరుగా పేరు తెచ్చుకున్నవాళ్లు పార్టీ తరఫున పోటీ చేసి, ఓట్లతో గెలిచి జిల్లా జడ్జి అవుతారు. నాలుగేళ్లకోసారి మళ్లీ జనం ముందుకు పోవాలి. మన దగ్గర ఓటు లేదు, పరీక్ష ఉంది. ఎమ్మెల్యే ఉత్తరంతో జిల్లా కోర్టులో పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటరు, అంటే నేరాల కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించే లాయరు) పోస్టు వస్తుందేమో గానీ, జడ్జి పోస్టు రాదు. కర్నూలు, అనంతపురం, కడప కోర్టుల్లో ప్రాసిక్యూషన్ చేస్తున్నవాళ్లలో చాలామంది దరఖాస్తు పెట్టేదాకా బాగానే వస్తారు. తర్వాత తట్టుకోలేకపోయేది రెండు చోట్ల: సివిల్ పేపరు, తీర్పు రాయడం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండింటి గురించే.

ముందు ఏడేళ్ల లెక్క

రాజ్యాంగం 233వ అధికరణం ప్రకారం జిల్లా జడ్జిని గవర్నరు హైకోర్టును సంప్రదించి నియమిస్తారు. ప్రభుత్వ సర్వీసులో లేని వ్యక్తి అయితే కనీసం ఏడేళ్లు అడ్వొకేటుగా ఉండాలి, హైకోర్టు సిఫారసు చేయాలి. కనీస వయసు 35. పై వయసు పరిమితి, రిజర్వేషన్ సడలింపులు ఏ తేదీ నాటికి లెక్కిస్తారో నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఆ తేదీని మొదట చూడండి, మిగతాదంతా తర్వాత చదవచ్చు.

మన కోర్టుల్లో ప్రాసిక్యూటర్లు రెండు రకాలు. బార్ నుంచి ప్రభుత్వం కాలపరిమితి మీద నియమించే పీపీ, అడిషనల్ పీపీలు ఒక రకం. వీళ్లు అడ్వొకేట్లే, ఏడేళ్ల లెక్కలో చిక్కేమీ లేదు. రెండో రకం పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాసి, క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీసు చూపించి చేరిన ఏపీపీలు (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు). నెల జీతం తీసుకునేవాళ్లు గనక వీళ్లు అడ్వొకేట్లా, ఉద్యోగులా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2013 జనవరి 21న దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చేసింది. జీతం తీసుకుంటున్నా సరే, ప్రభుత్వం తరఫున కోర్టులో హాజరై వాదించడమే పని అయితే ఆ వ్యక్తి అడ్వొకేటుగానే కొనసాగుతున్నట్టు.

ఆ తీర్పులోనే ఒక ముల్లు ఉంది. ఏడేళ్లూ తెగకుండా సాగాలి, దరఖాస్తు నాటికీ అడ్వొకేటుగా ఉండాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఎవరో చెప్పారని బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ సరెండర్ చేసినవాళ్లకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. చేరేముందు రోల్ (అడ్వొకేట్ల జాబితాలో పేరు) విషయం బార్ కౌన్సిల్‌తో రాతపూర్వకంగా తేల్చుకుని, ఆ జవాబు దాచుకోండి. అలాగే కోర్టుకు పోకుండా ఆఫీసులో కూర్చుని న్యాయ సలహాలు మాత్రమే రాసే సీటులో ఏళ్ల తరబడి ఉండిపోవద్దు. కోర్టులో హాజరయ్యారా లేదా అన్నదే కొలబద్ద.

ఇవాళే ఒక రిజిస్టరు మొదలుపెట్టండి. తేదీ, కోర్టు, ఎస్‌సీ (సెషన్స్ కేసు) లేదా సీసీ (మేజిస్ట్రేటు కోర్టు కేసు) నంబరు, సెక్షన్లు, ఆ రోజు జరిగింది, చివరి ఫలితం: ఇన్ని గడులు చాలు. కోర్టు కానిస్టేబుల్ దగ్గరున్న పుస్తకం మీద ఆధారపడకండి, బదిలీతో అది మీ చేతుల్లోంచి పోతుంది. ప్రాక్టీసు సర్టిఫికెట్ అడిగినప్పుడు, వైవాలో (ఇంటర్వ్యూలో) మీరు నడిపిన కేసుల గురించి అడిగినప్పుడు ఈ రిజిస్టరే దిక్కు. కేడర్‌లో ఉన్నవాళ్లు డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్స్ ద్వారా ఎన్ఓసీకి (అభ్యంతరం లేదన్న పత్రానికి) ముందుగానే పెట్టుకోవాలి. ఆఖరు వారంలో పెడితే ఫైలు ఏ బల్ల మీద ఉందో వెతుక్కోవడానికే గడువు అయిపోతుంది.

ఇంకో దారి కూడా తెరుచుకుంది. ముందు జూనియర్ సివిల్ జడ్జిగా (కింది కోర్టు జడ్జిగా) చేరితే జిల్లా జడ్జి డైరెక్టు పోస్టుకు పోటీ పడకూడదని 2020లో ధీరజ్ మోర్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 అక్టోబరు 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అడ్వొకేటుగా, జడ్జిగా కలిపి ఏడేళ్లు ఉంటే అర్హులే. అయితే జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధన 2025 మే 20 తీర్పుతో మళ్లీ వచ్చిందని గుర్తుంచుకోండి. అదే తీర్పు, సర్వీసులో ఉన్న జడ్జిలు జిల్లా జడ్జి అయ్యేందుకు రాసే శాఖాపరమైన పోటీ పరీక్ష కోటాను 10 నుంచి 25 శాతానికి పెంచింది. బయటి నుంచి డైరెక్టుగా తీసుకునేది 25 శాతమే. ఆ కొద్ది పోస్టులూ రోస్టరు (రిజర్వేషన్ వరుస) ప్రకారం పంచుకుపోతాయి.

సివిల్: మీకు తెలియని సగం కోర్టు

జిల్లా జడ్జి అంటే సెషన్స్ జడ్జి మాత్రమే అనుకోవడం ప్రాసిక్యూటర్లు మామూలుగా చేసే పొరపాటు. అదే బల్ల మీదికి సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 96వ సెక్షన్ కింద మొదటి అప్పీళ్లు వస్తాయి, ఇన్‌జంక్షన్ ఆర్డర్ల మీద సీఎంఏలు (అప్పీళ్లు) వస్తాయి, మోటారు ప్రమాదాల క్లెయిములు, గార్డియన్ ఓపీలు (మైనర్ల సంరక్షణ పిటిషన్లు), ఐపీలు (దివాలా పిటిషన్లు) వస్తాయి. క్రిమినల్‌లో పదేళ్లుగా పత్రాలకు పీ-1, పీ-2, వస్తువులకు ఎంఓ-1 అని మార్కు చేయించిన చెయ్యి, సివిల్‌లో వాది పత్రాలకు ఏ సిరీస్, ప్రతివాదివి బీ సిరీస్ అని రాయడానికే తడబడుతుంది. చిన్న విషయమే గానీ, జవాబు పత్రంలో అది కనబడిందంటే దిద్దేవాళ్లకు మీ సివిల్ అనుభవం ఎంతో ఇట్టే తెలిసిపోతుంది.

చదివే క్రమం ఇలా పెట్టుకోండి. మొదటి నాలుగు నెలలు సీపీసీ, లిమిటేషన్ చట్టం (దావా గడువుల చట్టం) కలిపి. ఆర్డరు 6, 7, 8 (ప్లీడింగ్స్), 14 (ఇష్యూలు), 20 (తీర్పు), 39 (ఇన్‌జంక్షన్లు), 41 (అప్పీళ్లు) ముందు. లిమిటేషన్‌లో 54, 58, 59, 65 ఆర్టికల్స్ నోటికి రావాలి. అగ్రిమెంటు దావాకు మూడేళ్లు, టైటిల్ మీద స్వాధీనానికి పన్నెండేళ్లు అన్నది తెలిస్తే చాలదు. ఆ మూడేళ్లు ఎప్పుడు మొదలవుతాయన్నదే ప్రశ్న: అగ్రిమెంటులో గడువు తేదీ ఉంటే ఆ రోజు నుంచి, లేకపోతే అవతలివాడు రాయనన్న సంగతి తెలిసినప్పటి నుంచి. తర్వాత మూడు నెలలు ఆస్తి బదిలీ, స్పెసిఫిక్ రిలీఫ్, రిజిస్ట్రేషన్, స్టాంపు చట్టాలు. స్పెసిఫిక్ రిలీఫ్‌లో 2018 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణకు ముందు ఎలా ఉండేది, తర్వాత ఏం మారిందన్నది రెండు వరుసలుగా రాసుకోండి.

వారసత్వం దగ్గర తొందరపడకండి. ప్రొద్దుటూరు, ఆదోని, ధర్మవరం ఏ కోర్టుకు పోయినా భాగపరిష్కారం దావాల్లో ఆడబిడ్డల వాటా తగాదా ఉంటుంది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు వాటా ఇచ్చింది. కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9న వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో వినీతా శర్మ కేసులో తేల్చారు. మూడు తేదీలూ ఒక గీత మీద పెట్టి, పెళ్లి ఎప్పుడు, తండ్రి మరణం ఎప్పుడు, పంపకం ఎప్పుడు అని గుర్తులు పెడితే సగం లెక్క తేలుతుంది. అది చేయకుండా కేసుల పేర్లు బట్టీ కొట్టినవాళ్లు ప్రశ్నలో ఒక్క తేదీ మారిస్తే తప్పు రాస్తారు.

క్రిమినల్ పేపరుకు మీకు కొత్తగా కావాల్సింది తక్కువే. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత), అంతకు ముందువాటికి ఐపీసీ (పాత శిక్షాస్మృతి). పాత, కొత్త సెక్షన్ల పట్టిక చేతిలో ఉండాలి: 302 ఇప్పుడు 103, 307 ఇప్పుడు 109, 149 ఇప్పుడు 190, సాక్ష్యచట్టం 27 ఇప్పుడు 23, 65బి ఇప్పుడు 63. కొత్త 63లో సర్టిఫికెట్ రెండు భాగాలని, హాష్ విలువ రాయాలని మర్చిపోవద్దు. నాటుబాంబు కేసుల్లో పేలుడు పదార్థాల చట్టం 7వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటు అనుమతి లేకుండా విచారణ సాగదు. ప్రాసిక్యూటరుగా ఆ కాగితం తెప్పించడం మీ పని, జడ్జిగా అది ఉందో లేదో మొదటే చూడటం మీ పని.

తీర్పు రాయడం

వాదన రాసిన చేత్తో తీర్పు రాయడం కష్టం. ఛార్జిషీటులో ఉన్నది జరిగిందనే నమ్మకంతో మొదలుపెట్టడం ప్రాసిక్యూటరుకు అలవాటు. "పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) స్పష్టంగా చెప్పాడు" అని రాసి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో వచ్చిన తేడాను "చిన్న వైరుధ్యం" అని దాటేస్తారు. దిద్దేవాళ్లకు అదే మొదట కంటపడుతుంది. దీనికి మందు ఒకటే. మీరు గెలిచిన పాత కేసు ఫైలు తీసి, ముద్దాయిని వదిలేస్తూ తీర్పు రాయండి. ఓడిపోయిన కేసుకు శిక్ష వేస్తూ రాయండి. వారానికి రెండు, ఒక్కోటి మూడు గంటల్లో, ఎనిమిది పేజీలకు మించకుండా. ఆరు నెలలు చేస్తే రెండు వైపులా బరువు చూసే చెయ్యి వస్తుంది.

సాక్షి అడ్డం తిరిగితే అతని మాట మొత్తం కొట్టేయాల్సిన పని లేదు, వేరే ఆధారంతో సరిపోయిన మేరకు తీసుకోవచ్చు. ఈ సూత్రం మీకు తెలుసు. కానీ తీర్పులో ఏ వాక్యాన్ని తీసుకున్నారో, దానికి బలమిచ్చిన ఆధారం ఏదో విడిగా చూపించాలి. శిక్ష వేసేముందు శిక్ష గురించి ముద్దాయిని వినడం, పరిహారం సంగతి తేల్చడం కూడా రాయాలి. సివిల్ అప్పీలు తీర్పులో ఆర్డరు 41 రూలు 31 చెప్పినట్టు తేల్చాల్సిన అంశాలు, వాటి మీద నిర్ణయం, కారణాలు, కింది తీర్పు మారితే ఇచ్చే రిలీఫ్ వరుసగా రావాలి. "కింది కోర్టు సరిగానే చెప్పింది" అని ఒక్క పేరాతో ముగిస్తే మార్కులు పడవు, రేపు జడ్జి అయ్యాక హైకోర్టు తిప్పి పంపుతుంది.

ఇంగ్లిషు పేపరును చులకన చేయకండి. మన సాక్షి "వంకలో నుంచి కల్లం దగ్గరికొచ్చి, వామి చాటున నిలబడి, వేటకొడవలితో మిద్దె మీదున్నోణ్ని" అంటాడు. అది ఇంగ్లిషులో డిపోజిషన్‌గా (సాక్షి వాంగ్మూలంగా) ఎక్కాలి. వంక (వాగు), కల్లం, వామి (గడ్డివాము), మిద్దె: ఇలాంటి మాటలు ఒక రెండు వందలు పోగేసి, కోర్టు రికార్డుల్లో వాటికి ఏ మాట వాడుతున్నారో పక్కన రాసుకోండి. రోజూ ఒక పేజీ వాంగ్మూలం అటూ ఇటూ అనువదించండి.

వైవాలో ప్రాసిక్యూటరుకు తగిలే ప్రశ్న ఒకటుంది: పోలీసులతో ఇన్నేళ్లు పనిచేశారు, బెయిలు అడిగినవాడి మాట వింటారా? "తప్పకుండా" అంటే సరిపోదు. మీరే అభ్యంతరం చెప్పకుండా వదిలిన బెయిలు పిటిషన్, సాక్ష్యం లేదని ఉపసంహరణకు మీరు రాసిన అభిప్రాయం లాంటివి రెండు మూడు నంబర్లతో చెప్పగలగాలి. రిజిస్టరు అవసరం ఇక్కడ మళ్లీ వస్తుంది.

ఎంపికైతే పోలీసు విచారణ, వైద్య పరీక్ష, శిక్షణ ఉంటాయి. ఎంట్రీ లెవెల్ జిల్లా జడ్జి మూల వేతన స్కేలు 1,44,840 రూపాయల దగ్గర మొదలవుతుంది. ప్రాక్టీసు చేసిన ఊళ్లో తొలి పోస్టింగు ఆశించకండి. ఎప్పటికైనా ఆ జిల్లాకే వస్తే, మీరు ప్రాసిక్యూషన్ నడిపిన కేసు అప్పీలుగానో బెయిలుగానో మీ ముందుకు రావచ్చు. ఆ రోజు బెంచ్ క్లర్కు చేతికి కేసు నంబర్ల జాబితా ఇచ్చి, అవి వేరే కోర్టుకు పంపేలా జిల్లా ప్రధాన జడ్జికి ముందే రాయండి.