చివర ‘టమీ’ అని ఉంటే సంతకానికి ముందు ఒక్క నిమిషం

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఇంట్లో డబ్బు, రక్తం, సెలవు గురించి హైరానా మొదలవుతుంది. ఆస్పత్రిలో ఎవరు పడుకోవాలి, క్యారియర్ ఎవరు తేవాలి అన్నది కూడా ముందే తేలిపోతుంది. కన్సెంట్ ఫారం మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. అది రాత్రి తొమ్మిదింటికి, అందరూ అలిసిపోయి ఉన్నప్పుడు వస్తుంది. నర్సు ప్యాడ్ మీద పెట్టి "ఇక్కడొకటి, ఇక్కడొకటి, వెనకాల ఒకటి" అని వేలుతో చూపిస్తుంది. కాగితమంతా అచ్చు, మధ్యలో ఖాళీ గీత మీద చేత్తో రాసిన నాలుగైదు మాటలు. చదవాల్సింది ఆ చేతిరాతనే. చాలాసార్లు దాని చివర "టమీ" అని ఉంటుంది.

మా నాన్నకి ఎడమ కిడ్నీలో రాయి అడ్డం పడి చలిజ్వరం వచ్చినప్పుడు ఆ ఫారం నా చేతికే వచ్చింది. నేను సంతకం పెట్టేసి, ఆ మాటని ఫ్యామిలీ గ్రూపులో టైపు చేశాను. పది నిమిషాల్లో డాలస్ నుంచి తమ్ముడి ఫోన్. "కిడ్నీ తీసేస్తున్నారా? ఎవరిని అడిగి ఒప్పుకున్నావ్?" అప్పటికే వాడు అమ్మకి కూడా చెప్పేశాడు, అమ్మ ఏడుపు మొదలుపెట్టేసింది. తప్పు నాదే. డాక్టర్ రాసింది నెఫ్రాస్టమీ, నేను కొట్టింది నెఫ్రెక్టమీ. మొదటిదానికి అర్థం, వీపు వైపు నుంచి కిడ్నీలోకి సన్నటి గొట్టం వేసి మూత్రాన్ని బయట సంచిలోకి వదలడం. రెండోది కిడ్నీనే తీసేయడం. ఇంగ్లిషు స్పెల్లింగులో తేడా రెండక్షరాలే. కొన్ని వారాల తర్వాత నాన్నకి రాయి తీశారు. అందరూ పీసీఎన్ఎల్ అనే ఆ ఆపరేషన్ పూర్తి పేరు చివర నెఫ్రోలిథాటమీ అని ఉంటుంది. మళ్లీ టమీయే. కానీ ఈసారి బయటికి వచ్చింది రాయి ఒక్కటే.

అందుకే ఆపరేషన్‌కి ముందు చూసుకోవాల్సినవాటిలో ఈ చివర్లని కూడా కలపండి. పెద్ద చదువేం అక్కర్లేదు. ఇంగ్లిషు మాటలో ‘టమీ’కి ముందు, అంటే టి అక్షరానికి ముందు ఏ అక్షరం ఉందో చూడండి. సి ఉంటే (ఎక్టమీ) కోసి తీసేయడం. ఎస్ ఉంటే (ఆస్టమీ) రంధ్రం పెట్టడం. గ్రీకులో స్టోమా అంటే నోరు, అంటే శరీరానికి కొత్త నోరు తెరుస్తున్నారన్నమాట. ఓ ఉంటే (ఆటమీ) కోయడం వరకే, ఆ మాట తీసేయడం గురించి ఏమీ చెప్పదు. కోలెక్టమీ అంటే పెద్దపేగులో కొంత భాగమో, మొత్తమో తీసేయడం. కోలాస్టమీ అంటే పేగు చివరని పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించడం. లాపరాటమీ అంటే పొట్ట తెరవడం. కొన్నిసార్లు ఈ మూడూ ఒకే ఫారం మీద ఉండొచ్చు. అప్పుడు "సంచి ఎన్నాళ్లు ఉంటుంది, మళ్లీ లోపలికి కలుపుతారా, అలాగే ఉండిపోతుందా?" అని అడగాలి. ఆ జవాబుని బట్టే ఇంట్లో బాత్రూం నుంచి ఉద్యోగం దాకా ఏర్పాట్లు మారతాయి.

చేతిరాతలో ఆ సి, ఎస్ ఒకేలా కనిపిస్తే ఊహించుకోకండి. పెద్దక్షరాల్లో మళ్లీ రాయమని అడగడంలో తప్పేమీ లేదు.

ఈ లెక్కకి పట్టుబడని మాటలూ ఉన్నాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అంటే చాలామంది మగాళ్లు పారిపోవడానికి వేసెక్టమీ చివర్లో ఉన్న ‘ఎక్టమీ’ కూడా ఓ కారణమేమో అని నా అనుమానం. అందులో తీసేది, అసలు తీస్తే, వీర్యకణాలు వెళ్లే నాళంలో చిన్న ముక్క. వృషణాలని ముట్టుకోరు. మన ఊళ్లలో అందరికీ తెలిసిన ట్యూబెక్టమీ కూడా అంతే, ట్యూబుల్ని కోసి ముడివేయడమో, రింగు వేయడమో చేస్తారు. ట్యూబుల్ని పూర్తిగా తీసేస్తే దాన్ని సాల్పింజెక్టమీ అంటారు. కాబట్టి సి కనబడగానే "ఎంత తీస్తారు?" అని కూడా అడగాలి.

గర్భసంచి ఆపరేషన్ దగ్గర ఇంకొంచెం ఆగాలి

ఇక్కడే మన రెండు రాష్ట్రాలు కాస్త సిగ్గుపడాలి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 3 శాతం మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఆ లెక్క 8 శాతం పైమాటే. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయమని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలని ఆదేశించింది.

ఫైబ్రాయిడ్ గడ్డలు ఉన్నాయని చెప్పినప్పుడు వినబడేవి రెండు మాటలు, మయోమెక్టమీ, హిస్టరెక్టమీ. రెండింటి చివరా ఎక్టమీయే. మొదటిదాంట్లో గడ్డ పోతుంది, సంచి ఉంటుంది. రెండోదాంట్లో సంచే పోతుంది. అన్ని గడ్డలకీ మొదటిది కుదరదు, చేసినా గడ్డలు మళ్లీ రావచ్చు. అయినా "గడ్డ మాత్రం తీసే వీలు లేదా? మందులతో కొన్నాళ్లు చూడకూడదా?" అని అడగకుండా ముప్పై అయిదేళ్ల మనిషి సంతకం పెట్టకూడదు.

పేరుకి ముందు ‘టోటల్’ అని ఉంటే ఇంకో పొరపాటు జరుగుతుంది. టోటల్ హిస్టరెక్టమీ అంటే అండాశయాలతో సహా అంతా తీసేయడం అనుకుంటారు చాలామంది. కాదు. గర్భసంచి, దాని ముఖద్వారం కలిపి తీస్తే టోటల్, ముఖద్వారం వదిలేస్తే సబ్ టోటల్. అండాశయాలు తీస్తే ఊఫరెక్టమీ అని విడిగా రాయాలి, రెండూ తీస్తే ముందు బైలేటరల్ అని ఉంటుంది. చూడ్డానికి చిన్న మాట. కానీ నెలసరి ఆగకముందే రెండు అండాశయాలూ తీసేస్తే ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం ఒక్కసారిగా మొదలవుతాయి, ఎముకలు బలహీనపడతాయి. "ఎలాగూ పొట్ట తెరుస్తున్నాం కదా" అన్నది కారణం కాదు. తీయడానికి వైద్యపరంగా కారణం ఏమిటో చెప్పమనండి. నిజంగా కారణం ఉండొచ్చు కూడా.

సిస్టెక్టమీ అన్న మాటయితే మరీ చిత్రం. గైనకాలజిస్టు రాస్తే అండాశయం మీది నీటిబుడగ తీయడం. యూరాలజిస్టు రాస్తే మూత్రాశయం తీయడం. ఒకటే స్పెల్లింగు. ఇంటర్నెట్‌లో వెతికి గుండె చేత్తో పట్టుకునే ముందు ఫారం మీద ఏ డిపార్ట్‌మెంటో చూసుకోండి.

ఈ మాటల మధ్య తేడా కోర్టుల దాకా కూడా వెళ్లింది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత ఒకామె కన్సెంట్ ఫారం మీద రాసింది డయాగ్నస్టిక్, ఆపరేటివ్ లాపరోస్కోపీ, అవసరమైతే లాపరాటమీ. అంటే గొట్టంతో చూడటం, అవసరమైతే పొట్ట తెరవడం. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు, ట్యూబులు తీసేశారు. స్కోపీకీ ఆటమీకీ ఇచ్చిన అంగీకారం ఎక్టమీకి చెల్లదని, మేజరు అయిన మనిషి తరఫున, ప్రాణాపాయం లేనప్పుడు, తల్లి ఒప్పుకున్నా చాలదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. డాక్టర్‌కి ఫీజు రాదంది, 25,000 రూపాయలు పరిహారం ఇమ్మంది. ఆ మొత్తం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అది వేరే సంగతి.

మన ఇళ్లలో ఆడవాళ్ల ఫారం మీద భర్తో, అన్నో, పెద్ద కొడుకో సంతకం పెట్టేయడం మామూలే. పేషెంటు తెలివితో ఉంటే, మేజరు అయితే, చదివి వినిపించాల్సింది ఆమెకి. సంతకమో వేలిముద్రో ఆమెదే ఉండాలి. మీది సాక్షి సంతకం.

గుండె ఆస్పత్రిలో ‘యాంజియో’

"నాన్నకి యాంజియో చేశారు" అని ఫోన్ వస్తుంది. ఏ యాంజియో? చివర గ్రామ్ ఉంటే బొమ్మ. యాంజియోగ్రామ్ అంటే రక్తనాళాల్లోకి డై ఎక్కించి ఎక్స్‌రేలో చూడటం. చివర ప్లాస్టీ ఉంటే మరమ్మతు. యాంజియోప్లాస్టీలో పూడిక ఉన్న చోట బెలూన్ ఊది తెరుస్తారు, ఎక్కువగా స్టెంట్ కూడా వేస్తారు. మా వీధిలో ఒక పెద్దాయన ఆ మాట విని తన గుండెలో ప్లాస్టిక్ పెట్టారని చాలా ఏళ్లు నమ్మాడు. మోకాలి చిప్ప మార్పిడికి కాగితం మీద ఆర్థ్రోప్లాస్టీ అని ఉంటుంది, దాన్ని చూసీ కంగారు పడక్కర్లేదు.

జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. చాలాచోట్ల యాంజియోగ్రామ్ ఫారం మీదే ప్లస్ మైనస్ గుర్తు పెట్టి పక్కన ప్లాస్టీ అనో, పీటీసీఏ (యాంజియోప్లాస్టీకే ఇంకో పేరు) అనో రాస్తారు. అంటే పూడిక కనబడితే అప్పుడే స్టెంట్ వేయడానికి మీరు ముందే ఒప్పుకున్నట్టు. గుండెపోటుతో వచ్చిన మనిషి విషయంలో అది సరైనదే, ఆ సమయంలో బేరాలు పెట్టకండి, ప్రతి నిమిషం విలువైనది. నడిచొచ్చిన పేషెంటు అయితే "ముందు బొమ్మ చూపించి, మాతో మాట్లాడాక స్టెంట్ సంగతి చూద్దాం" అని చెప్పి ఆ మాటే ఫారం మీద రాయించవచ్చు. స్టెంట్లు ఎన్ని, ఆరోగ్యశ్రీలోకి వస్తుందా, బైపాస్ మంచిదా అన్నవి టేబుల్ మీద మనిషిని పడుకోబెట్టాక అడిగే ప్రశ్నలు కావు.

రిపోర్టుల్లో చివర్లు

వీటికి సంతకం అక్కర్లేదు, కానీ నిద్ర పాడుచేస్తాయి. ఐటిస్ అంటే వాపు, మంట. అపెండిసైటిస్, గ్యాస్ట్రైటిస్, ఆర్థ్రైటిస్. అన్ని ఐటిస్‌లూ ఇన్ఫెక్షన్లు కావు, మందుల షాపులో యాంటీబయాటిక్ కొనేసుకోకండి. ఓమా చూడగానే క్యాన్సర్ అనుకుంటారు. కార్సినోమా, లింఫోమా క్యాన్సర్లే. లైపోమా చర్మం కింద మెత్తటి కొవ్వు గడ్డ. హెమటోమా గడ్డకట్టిన నెత్తురు. గ్లాకోమాలో అసలు గడ్డే లేదు, అది కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు.

ఈమియా విషయంలో మాత్రం చివర కాదు, మొదలు చూడాలి. హైపోగ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర పడిపోవడం, మామూలుగా 70 కంటే కిందికి. హైపర్‌గ్లైసీమియా అంటే పెరగడం. ఫోన్లో రెండూ ఒకేలా వినిపిస్తాయి, చేయాల్సినవి మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. "తగ్గిందా, పెరిగిందా? ఎంత ఉంది?" అని తెలుగులోనే అడగండి.

ముందు రోజు

రాత్రి ఫారం చేతికొచ్చేదాకా ఆగకుండా, సాయంత్రం రౌండ్స్‌కి డాక్టర్ వచ్చినప్పుడే అడగండి. నేనైతే ఇప్పుడు ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. ఏం తీస్తారు, ఏం ఉంచుతారు, బయటికి గొట్టమో సంచో వస్తుందా అని అడిగి, జవాబుని తెలుగులో నా మాటల్లో తిరిగి డాక్టర్‌కే చెబుతాను. తప్పుంటే ఆయనే సరిదిద్దుతాడు. కుడి, ఎడమ పూర్తిగా రాసి ఉన్నాయో లేదో చూస్తాను, ఒక్క అక్షరంతో సరిపెడితే రాయిస్తాను. ఫారం ఫొటో తీసుకుంటాను. ఎక్టమీ అయితే తీసిన ముక్క బయాప్సీకి వెళ్తుందా, రిపోర్టు ఎప్పుడొస్తుందో కూడా రాసుకుంటాను, డిశ్చార్జి హడావుడిలో అది పోతుంది.

యాక్సిడెంటు, ప్రాణం మీదికి వచ్చిన రక్తస్రావం, గుండెపోటు లాంటివి వేరు. అక్కడ ముందు వైద్యం జరగనివ్వండి.

థియేటర్‌లో మత్తు ఇచ్చే ముందు పేరు, ఏ వైపు, ఏ ఆపరేషన్ అని పేషెంటునే అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో అది మొదటి మెట్టు. "ఇన్నిసార్లు అడుగుతారేంటి, వీళ్లకి తెలీదా" అని మన పెద్దవాళ్లు విసుక్కుంటారు. ముందే చెప్పి ఉంచండి. నాన్న రెండోసారి వెళ్లినప్పుడు తలుపు దగ్గర ఒక అమ్మాయి ఫైలు పట్టుకుని అడిగింది. "ఎడమ కిడ్నీలో రాయి తీస్తారమ్మా. కిడ్నీ తియ్యరు" అన్నాడు, రెండో వాక్యం కాస్త గట్టిగా. ఆ అమ్మాయి నవ్వి టిక్కు పెట్టుకుంది.