కన్సర్వేటరీకి గట్టి పైకప్పు: ఇంగ్లండ్‌లో ఏ అనుమతి కావాలి, ఏది అక్కర్లేదు

"పర్మిషన్ ఏమీ అక్కర్లేదండీ" అని కన్సర్వేటరీకి, అంటే ఇంటికి ఆనుకుని ఉండే గాజు గదికి, గట్టి కప్పు వేసేవాళ్లు చెబితే, ఏ పర్మిషన్ సంగతి అంటున్నారో అడగండి. ఇంగ్లండ్‌లో అవి రెండు. ఎత్తు ఎంత, హద్దుకు ఎంత దూరం అని చూసేది ప్లానింగ్. కప్పు బరువుకు గోడ ఆగుతుందా, వేడి నిలుస్తుందా, మంటలు పక్కింటికి పాకుతాయా అని చూసేది బిల్డింగ్ రెగ్యులేషన్స్. మొదటిది చాలా ఇళ్లకు నిజంగానే అక్కర్లేదు. గాజు తీసి టైల్స్ కప్పు వేస్తుంటే రెండోది తప్పదనే అనుకోండి. స్కాట్లాండ్, వేల్స్ నిబంధనలు వేరు.

ముందు ప్లానింగ్. అనుమతి అక్కర్లేకుండా ఉండాలంటే, ఇంటి వెనక ఒక అంతస్తు కన్సర్వేటరీ ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. హద్దుకు 2 మీటర్ల లోపు ఉంటే చూరు ఎత్తు 3 మీటర్లకు మించకూడదు. కొలత లోపలి ఫ్లోర్ నుంచి కాదు, బయటి నేల నుంచి. గాజు కప్పు వాలు టైల్స్‌కు చాలక వాలు పెంచినప్పుడే ఈ గీత దాటుతుంటారు. ఫ్లాట్లకు ఈ వెసులుబాటు లేదు. లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక విలువ ఉందని అధికారిక జాబితాలో చేర్చిన కట్టడం) అయితే విడిగా కన్సెంట్ తీసుకోవాలి, లేకుండా పని చేస్తే నేరమే. కొన్ని ఎస్టేట్లకు మొదటి అనుమతిలోనే ఇలా అనుమతి లేకుండా కట్టుకునే హక్కు తీసేసి ఉంటారు, కాబట్టి మీ ఇంటి ప్లానింగ్ కాగితాలు కౌన్సిల్ సైట్‌లో చూసుకోండి. అనుమానం ఉంటే పనికి ప్లానింగ్ అనుమతి అక్కర్లేదని కౌన్సిల్ రాసిచ్చే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ తీసుకోండి. మామూలు దరఖాస్తు ఫీజులో సగమే, ఇల్లు అమ్మేటప్పుడు బాగా అక్కరకొస్తుంది.

బిల్డింగ్ రెగ్యులేషన్స్ నుంచి కన్సర్వేటరీకి మినహాయింపు ఉన్న మాట నిజమే. నేలమట్టంలో ఉండాలి, వైశాల్యం 30 చదరపు మీటర్ల లోపు ఉండాలి, ఇంటికీ దానికీ మధ్య బయటి తలుపు స్థాయి తలుపు ఉండాలి, ఇంటి హీటింగ్‌ను అందులోకి పొడిగించకూడదు. పాలికార్బనేట్ (పారదర్శక ప్లాస్టిక్) షీట్లు తీసి సేఫ్టీ గ్లాస్ వేస్తే సాధారణంగా ఈ మినహాయింపు నిలుస్తుంది. టైల్స్ కప్పు వచ్చాక మాత్రం కౌన్సిళ్లు దాన్ని ఎక్స్‌టెన్షన్‌గానే లెక్కగడతాయి.

అసలు చిక్కు బరువుతో. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేమ్ కిటికీ అద్దాన్ని పట్టుకోవడానికే కానీ కప్పు మోయడానికి కాదు. మూల పోస్టు మీది ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి చూడండి: లోపల అల్యూమినియమో స్టీలో కనబడాలి. బోలుగా ఉంటే ఆ ఫ్రేమ్ మీద గట్టి కప్పు వేయకూడదు, వేస్తే తలుపులు బిగుసుకుపోతాయి, కిటికీల పైభాగం కిందికి వంగుతుంది. పునాది కూడా ఊహించి వదిలేయొద్దు. గోడ పక్కన చిన్న గుంట తవ్వి కాంక్రీటు లోతు, మందం కొలిచి, ఆ కొలతలతో స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్కలు వేయించండి. బంకమట్టి నేల, దగ్గర్లో పెద్ద చెట్లు ఉంటే ఇది మరీ ముఖ్యం.

కొత్త కప్పుకు యూ-వాల్యూ (వేడి బయటికి పోయే రేటు, ఎంత తక్కువైతే అంత మేలు) 0.15 కావాలి. గట్టి ఫోమ్ బోర్డుతో అయితే మొత్తం మందం సుమారు 150 మిల్లీమీటర్లు అవుతుంది. పాత కప్పును అలాగే ఉంచి, కింద పలచని షీటు కొట్టి పైన టైల్ అతికించే చవక పద్ధతి చాలదని ఇక్కడే తేలిపోతుంది. గది లోపలివైపు ఆవిరిని ఆపే పొర అతుకులకు టేపు వేయకపోతే, ఆవిరి పైకి చేరి చలికాలంలో చెక్క మీద నీరై నిలుస్తుంది.

ఇక బిల్డింగ్ రెగ్యులేషన్స్ దరఖాస్తు, ఇది రెండు రకాలు. బిల్డింగ్ నోటీసు త్వరగా అవుతుంది, కానీ ముందుగా డ్రాయింగులు ఎవరూ ఆమోదించరు. ఫుల్ ప్లాన్స్ అయితే పని మొదలవ్వకముందే తప్పులు బయటపడతాయి, బరువు పెరిగే ఈ పనికి అదే మేలు. కౌన్సిల్‌కు బదులు రిజిస్టర్డ్ బిల్డింగ్ కంట్రోల్ అప్రూవర్‌నూ (ప్రైవేటు తనిఖీ సంస్థను) పెట్టుకోవచ్చు. ఫ్రేమ్, ఇన్సులేషన్ తనిఖీ అయ్యేదాకా ప్లాస్టర్‌బోర్డు కొట్టనివ్వకండి, లేదంటే విప్పి చూపించమంటారు. పని నిబంధనల ప్రకారం పూర్తయిందని ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే చివరి వాయిదా డబ్బు ఇస్తామని ఒప్పందంలో రాయించండి.

సర్టిఫికెట్ లేకుండా ఇప్పటికే కప్పు వేయించేసి ఉంటే కౌన్సిల్‌లో రెగ్యులరైజేషన్‌కు (జరిగిపోయిన పనికి తర్వాత ఆమోదం పొందడానికి) దరఖాస్తు చేయాలి. నిబంధనలకు విరుద్ధమైన పనిని మార్చమనో తీసేయమనో నోటీసిచ్చే గడువు 2023 నుంచి ఏడాది కాదు, 10 ఏళ్లు.