గట్టు దగ్గర రెండు స్ప్రే డ్రోన్లు గుద్దుకుంటే: ముందు రిటర్న్ ఎత్తు చూడండి

సమస్య: మందు కొడుతున్నంతసేపూ రెండు డ్రోన్లూ బాగానే తిరిగాయి. ట్యాంకు అయిపోయి వెనక్కి వస్తూ కాలవ గట్టు మీద గాల్లోనే తగులుకుని పడ్డాయి.

రిపేరుకి తెచ్చిన ప్రతివాళ్లూ ముందు అనేమాట "జీపీఎస్ తేడా చేసిందండి" అని. లాగ్ (డ్రోన్ ఎగిరినప్పటి రికార్డు) తీస్తే జీపీఎస్ శుభ్రంగానే ఉంటుంది. దాని కిందే రెండింటికీ రిటర్న్ టు హోమ్ ఎత్తు (డ్రోన్ తనంతట తాను వెనక్కి వచ్చేటప్పుడు లేచే ఎత్తు) ఒకటే కనబడుతుంది: 30 మీటర్లు.

కారణం: మన కోనసీమలో చేను పక్కనే కొబ్బరితోట. చెట్లు 20 మీటర్లు దాటతాయి కాబట్టి అందరూ ఆలోచించకుండా 30 పెట్టేస్తారు. సుడిదోమ పడిందంటే పక్కపక్క చేలవాళ్లు ఒకేరోజు డ్రోన్లు పిలుస్తారు. బండి ఆగే చోటు కాలవ గట్టు ఒక్కటే, హోమ్ పాయింట్లు (డ్రోన్ తిరిగొచ్చి దిగే చోట్లు) రెండూ అక్కడే. ఎకరానికి 10 లీటర్ల ట్యాంకు, గాలి లేవకముందే ఇద్దరూ ఒకేసారి ఎగరేస్తారు, ఒకేసారి ఖాళీ అవుతాయి. అప్పటిదాకా పైరు మీద 2, 3 మీటర్లలో ఎవరి చేలో వాళ్లున్నవి నిట్టనిలువుగా 30కి లేచి, ఒకే చోటికి బయల్దేరతాయి. పైలట్ ఈలోగా బ్యాటరీ మార్చే పనిలో తల దించుకుని ఉంటాడు.

పరిష్కారం: ఒకదానికి 30, రెండోదానికి 40. మూడోది ఉంటే 50. మధ్యలో 5 మీటర్లు చాలదా అంటారు. చాలదు. ఆ ఎత్తు లెక్క ఎగిరిన చోటి నుంచి. ఒకటి గట్టు మీంచి, ఒకటి కింద చేలోంచి లేస్తే తెరమీద అంకె ఒకటే, నిజం ఎత్తులో గట్టంత తేడా. గాలి ఒత్తిడితో ఎత్తు కొలిచే బారోమీటరు ఎండ ముదిరేకొద్దీ తేడా చూపేది అదనం.

ఎత్తు మార్చి ఊరుకుంటే సగం పనే. దిగేటప్పుడు పైది కిందదాని మీదకే వస్తుంది. హోమ్ పాయింట్లు కనీసం 30 మీటర్లు ఎడం పెట్టండి. ఎవరి చేనుకి ఎదురుగా వాళ్లు నిలబడితే దారులు అడ్డం పడవు. మొదటిది సగం ట్యాంకు కొట్టాక రెండోది లేపండి. బ్యాటరీ మార్చి మళ్లీ ఎగరేసేముందు ఆ అంకె ఇంకోసారి చూడండి. యాప్ రీసెట్ అయితే ఎత్తు మళ్లీ మొదటికి పోతుంది. రాజమండ్రి విమానాశ్రయం హద్దుకి 8 నుంచి 12 కిలోమీటర్ల లోపు ఊళ్లయితే అనుమతి లేకుండా 60 మీటర్లే పరిమితి. నాలుగో డ్రోన్‌ని 60కి పెడితే సరిగ్గా హద్దు మీదే ఉంటుంది, కాస్త తేడా వచ్చినా దాటేస్తుంది, దాన్ని సాయంత్రం రమ్మనండి.

డ్రోన్ ముందువైపు రాడార్ ఉందిగా అంటారు. అది ముందున్నదాన్నే చూస్తుంది, పక్కనుంచి వచ్చేదాన్ని కాదు.

కంపాస్ తప్పడం, రిమోట్ సిగ్నల్ కలవడం, గద్ద తన్నడం: ఉంటాయి, అరుదు. రిటర్న్ ఎత్తు చూశాకే వాటి జోలికి వెళ్లండి.