చదవదగినవీ చూడదగినవీ ఎలా వెదుక్కోవాలి?

“ఏదైనా మంచి పుస్తకం చెప్పండి” అని అడిగేవారికి నేను వెంటనే పేరు చెప్పను. ఏం తెలుసుకోవాలనుందో ముందు చెప్పమంటాను. పదిమందీ మెచ్చుకున్నారని పుస్తక ప్రదర్శనలో కొన్న రెండు సంపుటాలు మా ఇంటి బీరువాలో ఏళ్ల తరబడి మడత నలగకుండా ఉన్నాయి గనుక ఈ జాగ్రత్త అలవడింది.

మొదట చేయవలసింది ఒక ప్రశ్నను నోటుపుస్తకంలో ఒక్క వాక్యంగా రాసుకోవడం. “గోదావరి చరిత్ర తెలుసుకోవాలి” అన్నది కోరికే గాని ప్రశ్న కాదు. “దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు ఎందుకు కట్టేస్తారు?” అన్నది ప్రశ్న. సార్వాకు, అంటే తొలి పంటకు, నీళ్లు వదిలేలోగా మరమ్మతులూ పూడికతీతా జరగాలన్న సమాధానం ఊళ్లో ఎవరైనా చెబుతారు. అయితే ఈ కాలువలను ఎవరు, ఎందుకు తవ్వించారన్న రెండో ప్రశ్న దాని వెనుకనే నిలబడి ఉంటుంది. చదవవలసినదేమిటో అక్కడే తేలుతుంది.

పుస్తకం తెరిచే ముందు ఆ వస్తువును కళ్లారా చూసి రావాలి. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల (కాలువలో నీటిమట్టాన్ని మార్చే తలుపుల) వద్ద అరగంట నిలబడితే ఎగువ నీటికీ దిగువ నీటికీ మట్టంలో ఎంత తేడా ఉందో కనబడుతుంది. పడవలు నడిచిన రోజుల్లో లాకు గదిలోకి పడవ రాగానే వెనుక తలుపులు మూసి, నీటిని వదిలి, మట్టాలు సమానమైన తర్వాతే ముందు తలుపులు తెరిచేవారు. ఇది తెలిశాక కాలువ అంటే సాగునీరే కాదనీ ఒకప్పుడు రహదారి కూడాననీ అర్థమవుతుంది. గోదావరికి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరిట ధవళేశ్వరంలో ఉన్న మ్యూజియానికి ఆ తర్వాత వెళితే అక్కడి బొమ్మలూ పటాలూ ఊరికే కళ్లముందు నుంచి జారిపోవు.

ఇక గ్రంథాలయం. రాజమహేంద్రవరంలో 1898 నాటి గౌతమీ గ్రంథాలయం ఉంది. అంత దూరం వెళ్లలేనివారు దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లవచ్చు. గ్రంథపాలకుణ్ణి రచయిత పేరుతో కాకుండా మీ ప్రశ్నతోనే అడగండి. పుస్తకం చేతికి రాగానే అట్ట లోపల అంటించిన గడువు తేదీల చీటీ చూడండి: ఒక కాలంలో నెలకొకటి చొప్పున పడిన ముద్రలు ఒక్కసారిగా ఆగిపోయి ఉంటే, అది చెడ్డ పుస్తకమని అనుకోనక్కరలేదు, కొత్తవి వచ్చి దాన్ని వెనక్కు నెట్టి ఉండవచ్చు. విషయసూచికలో మీ ప్రశ్నకు సంబంధించిన అధ్యాయం ఒక్కటి దొరికితే చాలు, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఒక్క పుస్తకంతో ఆగకండి. 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాలన్నీ కూర్చిన ప్రభుత్వ గ్రంథం) ఇంగ్లీషులో ఉంది, అంతర్జాలంలో ఉచితంగా చదవవచ్చు. అది పాలించేవారి చూపు: శిస్తు, పంట, కాలువల లెక్క. కథారచయిత శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి స్వీయచరిత్ర దాదాపు ఆ కాలపు గోదావరి సీమనే ఇంటి అరుగు మీద నుంచి చూపిస్తుంది, అక్కడి మాటతీరుతో సహా. రెండూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు ఒకదానిలో లేనిదేదో రెండోది చెబుతుంది, ఆలోచించవలసినదల్లా ఆ ఖాళీలోనే ఉంటుంది. నాకు ఈ మెట్టే అన్నిటికంటె ఇష్టం.

వీడియోల విషయంలో మాత్రం కాస్త కఠినంగా ఉండాలి. ఒకటి అయిపోగానే మరొకటి దానంతట అదే మొదలయ్యే సదుపాయాన్ని ఆపివేయండి. ఆపైన మీకు ఖాయంగా తెలిసిన ఒక విషయంతో చెప్పేవారిని పరీక్షించండి. కాటన్ కట్టించిన ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది, నేడు మనం దాటే బ్యారేజీని 1970 తర్వాత కట్టడం మొదలుపెట్టి 1982 నాటికి పూర్తిచేశారు. ఈ రెంటినీ ఒకటిగా కలిపి చెప్పే వీడియోలో మిగతా సంగతులను కూడా అనుమానించి చూడటమే మంచిది.

ముప్పై పుటలు చదివినా మీ ప్రశ్న కదలకపోతే మొహమాటపడకుండా పుస్తకం మూసేయండి. కదిలితే, తెలిసిన సంగతిని అయిదు వాక్యాల్లో మీ సొంత మాటల్లో రాసి తేదీ వేయండి. గడువు లోపల పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు, ఆ అయిదు వాక్యాల కింద పుట్టిన కొత్త ప్రశ్నను గ్రంథపాలకుడికి చూపించండి.