డాళ్లు అచ్చు పోసే ముందు ఇవి చూసుకోండి

28 మిల్లీమీటర్ల ఎత్తుండే బుల్లి బొమ్మల సైన్యానికి ఇరవై డాళ్లు కావాలంటే ఇరవైసార్లు చెక్కక్కర్లేదు. ప్లాస్టిక్ షీటు ముక్క, మధ్యలో గుబ్బకి గుండుసూది తల. ఇలా ఒక్కటి శ్రద్ధగా చేసి, సిలికాన్ (రబ్బరులా గట్టిపడే ద్రవం) అచ్చు తీసి, అందులో రెజిన్ (గట్టి ప్లాస్టిక్‌లా మారే ద్రవం) పోస్తే చాలు. కాకపోతే డబ్బా మూత తీసే ముందే కొన్ని చూసుకోవాలి.

– నమూనా మీరు సొంతంగా చేసిందేనా? కంపెనీ బొమ్మకి అచ్చు తీస్తే కాపీరైట్ గొడవ.

– నమూనాని నిలబెట్టే బంకమట్టిలో గంధకం ఉందా? ప్లాటినం రకం సిలికాన్ గంధకం తగిలితే గట్టిపడదు. లేటెక్స్ గ్లవుజులతోనూ ఇదే తంటా, నైట్రైల్‌వి వాడండి. ఇది తెలియక నేను పోసిన అచ్చు మర్నాడు విప్పితే, డాలు అంచు చుట్టూ జిగట జిగటగా వేలికి అంటుకుంది. సిలికానంతా దండగ! ముందు ఓ మూల చుక్క వేసి చూడండి.

– సిలికాన్‌కైనా రెజిన్‌కైనా రెండు భాగాలు కలిపేది బరువు లెక్కనా, పరిమాణం లెక్కనా? డబ్బా మీద చదవండి. కంటి అంచనా వద్దు.

– కిటికీలు తెరవండి. దుమ్ము మాస్కు రెజిన్ ఆవిరిని ఆపదు. గట్టిపడ్డాక రుద్దేటప్పుడు మాత్రం ఆ మాస్కే కావాలి, వాటర్ పేపరు తడిపి రుద్దండి.

– కలపడానికి వాడిన చెంచా మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

– సూపర్ గ్లూ పక్కన దూది, నూలుగుడ్డ పెట్టకండి. అవి ఎక్కువ గ్లూ పీల్చుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతాయి.