పురుగుల చెట్టు, హోస్టుల చెట్టు ఎదురెదురుగా పెట్టి చదవడం ఎలా

పరాన్నజీవి చదును పురుగుల పరిణామం మీద కొత్తగా పని మొదలుపెట్టినవాళ్ళు రెండు చెట్లూ (ఏ జాతికి ఏది చుట్టమో చూపే వంశవృక్షాలు, ఒకటి పురుగులది, ఇంకోటి హోస్టులది అంటే అవి బతికే జంతువులది) కాస్త పోలినట్టు కనబడగానే "పురుగు, హోస్టు కలిసే పరిణామం చెందాయి" అని రాసేస్తారు, దయచేసి అంత తొందరపడకండి.

ముందు ఏ గుంపు తీసుకుంటున్నారో చూసుకోండి. బద్దెపురుగులు, ఫ్లూకులు, మోనోజీనియన్లు మూడూ నియోడెర్మేటా అనే పరాన్నజీవి చదును పురుగుల పెద్ద గుంపు కిందకే వస్తాయి గానీ జీవితచక్రాలు వేరు. మోనోజీనియన్లకి ఒక్కటే హోస్టు కాబట్టి నేర్చుకునేవాళ్ళకి అదే సులువు. ఫ్లూకులకైతే మొదట నత్త, తర్వాత వెన్నెముక ఉన్న జంతువు, మామూలుగా నత్త దగ్గరే వీటికి పట్టింపు ఎక్కువ, అందుకే నత్తల చెట్టుతో కూడా పోల్చాలి.

రెండు చెట్లూ విడివిడిగా కట్టండి. పురుగులకి 28ఎస్, కాక్స్1 రెండు జీన్లూ తీసుకోండి, మొదటిది మెల్లగా మారుతుంది కాబట్టి పాత కొమ్మలకి పనికొస్తుంది, రెండోది దగ్గరి జాతులకి. మాఫ్ట్‌తో అలైన్ చేసి (జీన్ల వరసల్ని ఒకదాని కింద ఒకటి సరిపోల్చి పేర్చి) ఐక్యూ-ట్రీ ప్రోగ్రామ్‌లో చెట్టు కట్టొచ్చు.

ఇప్పుడు రెండూ ఎదురెదురుగా పెట్టి ఏ పురుగు ఏ హోస్టులో ఉందో గీతలు కలపండి. గీతలు చిక్కుపడ్డాయా లేదా అని కంటితో చూసి తేల్చెయ్యొద్దు, నోడ్ (కొమ్మలు చీలే చోటు) దగ్గర కొమ్మ తిప్పితే బొమ్మ మారిపోతుంది గానీ చెట్టు అర్థం మారదు. పారాఫిట్ గానీ పాకో గానీ (రెండూ ఇందుకోసమే ఉన్న గణాంక పరీక్షలు) రన్ చేసి పోలిక యాదృచ్ఛికమా కాదా చూడండి, ఆ తర్వాత రెండు చెట్లనీ ఒకదానితో ఒకటి సరిపెట్టి చూసే ప్రోగ్రామ్ జేన్‌లో ఎన్నిచోట్ల కలిసి చీలాయి, ఎన్నిచోట్ల పురుగు హోస్టు మారింది, ఎక్కడ ఒకే హోస్టులో ఉండి రెండు జాతులయింది, ఎక్కడ మాయమైంది అని లెక్క తియ్యండి. డాక్టిలోగైరస్ అనే మోనోజీనియన్‌ని చూడండి, ఒకే చేప మొప్పల మీద దాని జాతులు ఎన్నో ఉంటాయి, అవన్నీ చేపతో పాటు చీలినవి కావు. జేన్‌లో ఒక్కో ఘటనకి జరిమానాలా పెట్టే కాస్ట్‌లు కూడా మార్చి మళ్ళీ రన్ చెయ్యండి, జవాబు తారుమారైతే దాన్ని ఫలితం అనకండి.

అసలు కీలకం కాలం. టీనియా అనే బద్దెపురుగుల్నే తీసుకోండి, మనకి బద్దెపురుగు ఆవు నుంచీ పంది నుంచీ వచ్చిందనే ఎవరైనా అనుకుంటారు కదా, కానీ 2001లో వచ్చిన విశ్లేషణలో మనుషుల పురుగులకి దగ్గరి చుట్టాలు ఆఫ్రికా సింహాల్లో, హైనాల్లో తేలాయి, మనుషుల్లో ఉండే సాజినాటా, ఏషియాటికా అనే రెండు టీనియా జాతులు విడిపోయింది కూడా పశువుల్ని మచ్చిక చేసుకోవడానికి చాలా ముందే. అంటే పశువులకి పురుగు మన నుంచే వెళ్ళిందన్నమాట! ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో జాగ్రత్త, ఈ మెత్తటి పురుగులకి శిలాజాలు దాదాపు దొరకవు కాబట్టి హోస్టుల డేట్లు అరువు తెచ్చి పురుగుల చెట్టుకి పెడుతుంటారు, అలా పెట్టాక మళ్ళీ అదే చెట్టు చూపించి "రెండిటి టైమ్ సరిపోయింది" అంటే అది రుజువు కాదు, డేట్లు మీరు పెట్టినవే కదా.